కొండి విరిచే చెయ్యి

పలాస మీదుగా రైలు తిరగడం మొదలై పదేళ్ళు దాటిన రోజులు. ఉద్దానంలో బొడ్డమ్మ నడుం అప్పటికే అరిగిపోయింది. ఇరవై ఏళ్ళుగా కొబ్బరి డొక్కలు గుట్టల నుంచి పీచు కోసం నానబెట్టే గోతుల్లోకి మోస్తోంది మరి! డొక్క ఎత్తితే కింద తేలు. కొండి పట్టుకుని పుటుక్కున విరిచి పారేసేది. పదేళ్ళ కూతురు పైడమ్మ ఆ గుట్ట దగ్గరే తేలు కుట్టి చచ్చిపోయినప్పటి నుంచీ తేలు కనబడితే ఆమె చేతికి ఇంకో పని తెలియదు.

ఆ ఏడు మిషను బడి డ్రాయింగు మాస్టారు రాజరత్నం ఆమె వెంటపడ్డారు. బడి దొరకు తేళ్ళ పిచ్చి. ఇక్కడి తేళ్ళలో ఒక జాతి మగదాన్నే పుస్తకాల్లో రాశారట, ఆడదాని రూపురేఖలు ఇంతవరకూ ఎవరూ రాయలేదట. ఏం రాచకార్యమో!

"కొండితో సహా కావాలి బొడ్డమ్మా. కొండి లేకపోతే దొర పక్కన పడేస్తారు. పూర్తిగా ఉన్నది తెస్తే బడి ఊడ్చే పని నీకే ఇస్తామన్నారు."

నీడపట్టున పని! బొడ్డమ్మకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఏం లాభం? రెండుసార్లు ఆడతేలు దొరికింది, రెండుసార్లూ ఆలోచించేలోపే చెయ్యి కొండి విరిచేసింది. మాస్టారు తల పట్టుకున్నారు.

మూడోసారి కనబడింది వీపు నిండా తెల్లటి పిల్లలతో తల్లితేలు. బొడ్డమ్మ కుడిచెయ్యి కొంగులో చుట్టేసుకుని, ఎడంచేత్తో డొక్కముక్క పట్టి దాన్ని కుండలోకి తోసింది. కాళ్ళీడ్చుకుంటూ రెండు మైళ్ళు నడిచి బడికి చేరింది.

"అబ్బ, ఇన్నాళ్ళకు! కొండి ఉందే!" మాస్టారు తేలును పళ్ళెంలోకి ఒంపి, కొలబద్దతో ముందుకు వంగారు. తేలు తోక ఎత్తింది. ఆయన వేలికి బెత్తెడు దూరం కూడా లేదు.

పుటుక్కున విరిగింది కొండి.

"ఎంత పని చేశావే!"

"ఏటి సెయ్యను బాబూ? మీ సేతి కాడికి తోకెత్తింది. నా పైడి సేతికీ ఇలాగే..."

మాస్టారు తన వేలు చూసుకున్నారు. కూర్చుని ఆడతేలు రంగు, పొడవు, వీపుమీది పిల్లలు, అన్నీ రాశారు. కొండి దగ్గర కలం ఆగింది. చాలాసేపటికి "లేదు" అని రాశారు.

బడి ఊడ్చే పని ఇక రాదని బొడ్డమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఖాళీ కుండ చంకన పెట్టుకుని మళ్ళీ డొక్కల గుట్ట దారి పట్టింది.