మా బాబాయి ఒట్టు వేసిన నటుడు

మా ఆఫీసు సమావేశ గదిలో ప్రొజెక్టరు కాసేపు వెలిగాక దాని జాలీలోంచి కాలిన దుమ్ము వాసన వస్తుంది. జాలీ శుభ్రం చేయకపోతే దీపం వేడికి అలా అవుతుందని నాకు తెలుసు, చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగే కదా. అయినా ఆ వాసన తగలగానే గోడ మీది అంకెలు మసకబారి, వాటి వెనక మా ఊరి మిరప కళ్ళం కనిపిస్తుంది. సాయంత్రానికి మనిషి అలిసిపోయి ఉంటాడు. దాన్ని తరిమేసే ఓపిక కూడా ఉండదు.

మాది సత్తెనపల్లికి కాస్త దూరంలో, నల్లరేగడిలో ఉన్న చిన్న ఊరు. శీతాకాలమంతా పత్తి తీతలు, పిల్లల జుట్టులోనూ ముళ్ళకంపల మీదా ఎగిరిపడే దూది పింజలు. ఆ తర్వాత మిరపకోతలు, కళ్ళంలో ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు ఆరబోసిన కాయలు, వాటి పక్కన గొడుగులా కొంగు కప్పుకుని తొడిమలు తీసే ఆడవాళ్ళు. మా నాయనమ్మ వాళ్ళలో ఒకతి. ఆ పని చేసిన చేతులు రాత్రికి కూడా మండుతూ ఉంటాయి, కొబ్బరినూనె రాసినా చల్లారవు. అందుకని మిరప కాలమంతా ఆమె మా ముఖాలు ముట్టుకునేది కాదు. ముద్దు చేయాలనిపిస్తే మోచేత్తో దగ్గరికి లాక్కునేది.

కాయలు బస్తాలకెక్కి కళ్ళం ఖాళీ అయ్యే రోజుల్లోనే గుడ్ ఫ్రైడే వచ్చేది. అప్పుడు గుంటూరు నుంచి చర్చివాళ్ళ సినిమా వ్యాను ఆ ఖాళీ కళ్ళంలోకి వచ్చేది. నాలాంటి పిల్లలు ముందు చూసుకునేవి ఇవి: జనరేటరు, కాలిన దుమ్ము వాసన కొట్టే ప్రొజెక్టరు, రీళ్ళ పెట్టెలు, రెండు సర్వీ కర్రల మధ్య కట్టే తెల్లగుడ్డ, దాని కింద పరిచే పట్టాలు. పొద్దుగూకగానే తెర మీద ఏసుప్రభువు నడిచివచ్చేవాడు. ఆ వేషం వేసింది ఎవరో ఇంగ్లండు నటుడు, గొంతు మాత్రం తెలుగువాళ్ళది. మాకు ఆ రెండూ తెలియవు. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, మరమరాల మిక్చరు, ఉప్పూకారం చల్లిన పుచ్చకాయ ముక్కలు చేతులు మారుతుండేవి. తెర ముందు చోటు దొరకనివాళ్ళు గుడ్డకు వెనక వైపు కూర్చునేవాళ్ళు. వాళ్ళకు ప్రభువు ఎడమచేత్తో రొట్టె విరిచేవాడు. కొరడా దెబ్బల దగ్గరికి వచ్చేసరికి అందరూ ముక్కులు చీదేవాళ్ళు. నేల మీద మిగిలిన మిరపధూళి అన్ని కాళ్ళ కింద లేచేది కనుక, ఎవరు ప్రభువు కోసం ఏడుస్తున్నారో ఎవరు ఘాటుకు ఏడుస్తున్నారో చెప్పడం కష్టం. మర్నాడు మేం సర్కారుతుమ్మ కొమ్మలు వంచి ముళ్ళకిరీటం చేసి అదే కథ ఆడుకునేవాళ్ళం.

సినిమా అయ్యాక ఆ నటుడి ముఖం అచ్చువేసిన కార్డులు పంచేవాళ్ళు. మా ఇంట్లో ఒకదానికి సత్తెనపల్లిలో అద్దం కట్టించారు. పొద్దున్నే నాయనమ్మ దాని ముందు ప్రార్థన చేసి కూలికి పోయేది. పాస్టరుగారు బొమ్మలకు మొక్కకూడదని చెప్పేవారు, ఆమె తలూపి మళ్ళీ మొక్కేది.

ఆ బొమ్మ మీదే మా బాబాయి ఒట్టు వేశాడు. ప్రసాదు బాబాయి మా నాన్న తమ్ముడు, ట్రాక్టరు డ్రైవరు, పాటగాడు, తాగుబోతు. తాగి వచ్చిన రోజు అన్నం గిన్నె వీధిలో పడేది. ఆ గొడవ పడలేక పిన్ని అద్దంకిలో పుట్టింటికి వెళ్ళిపోయింది. పెద్దలు ఎన్నిసార్లు వెళ్ళి అడిగినా ఆమె ఒకటే మాట చెప్పింది: ప్రభువు మీద చెయ్యేసి చెప్పాలి, అందరూ వినాలి. ఒక గుడ్ ఫ్రైడే మర్నాడు బాబాయి తలస్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, ఆ అద్దం మీద అరచెయ్యి ఆనించి ఇక తాగనన్నాడు. పిన్ని తిరిగి వచ్చింది. ఇంట్లో గిన్నెలు గూట్లోనే ఉండసాగాయి.

ఆ తర్వాత మా ఊరికి కేబుల్ టీవీ వచ్చింది. కేబుల్ నడిపే మస్తాన్ గారి కొడుకు ఖాజా నా తరగతే. ఒక ఎండాకాలం మధ్యాహ్నం వాడు రొప్పుతూ మా వాకిట్లోకి వచ్చాడు.

“ఒరేయ్, మీ ప్రభువు మా టీవీలో మందు కొడతన్నాడ్రా! తొందరగా రా!”

వాడు వేళాకోళం చేస్తున్నాడని తిట్టుకుంటూనే పరుగెత్తాను. వాకిట్లో ట్రాక్టరు బోల్టులు బిగిస్తున్న బాబాయి, పానా చేత్తోనే మా వెనక వచ్చాడు. తెలుగు మాటలు అతికించిన ఇంగ్లీషు సినిమా అది. గడ్డం లేదు, జుట్టు కత్తిరించారు, సూటు వేశారు. అయినా ఆ కళ్ళూ ఆ ముక్కూ మా ఇంట్లో బొమ్మవే. ఆయన గ్లాసులో పోసుకుని ఒక్క గుక్కలో తాగి, ఎదురుగా ఉన్నవాణ్ణి కాల్చేశాడు.

ఖాజా వాళ్ళ అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తి చూసింది. “గడ్డం తీసేశాక చిక్కిపోయినట్టున్నాడు, పాపం” అంది.

బాబాయి ఇంటికొచ్చాడు. అద్దం కట్టిన బొమ్మ ముందు నిలబడి, లోపలున్న నాయనమ్మకు వినపడేలా అన్నాడు.

“అమ్మా, నేను ఒట్టేసింది దేవుడి మీద కాదంట. సినిమా యాక్టరు మీదంట. ఇంక ఆ ఒట్టు చెల్లదు.”

పిన్ని లోపల్నుంచి సంచి తెచ్చింది. దండెం మీది చీరలు తీసి, మడతపెట్టి, సంచిలో పెట్టడం మొదలుపెట్టింది. అది చూసి మా అమ్మ నన్ను పాస్టరుగారి కోసం తరిమింది. ఆయన వచ్చి, చెమట తుడుచుకుని, లేఖనం ప్రకారం అసలు ఒట్టే పెట్టుకోకూడదని మొదలుపెట్టారు. అంతలో సంచి కళ్ళబడింది. మాట మధ్యలో ఆపి మంచినీళ్ళు అడిగారు.

అప్పుడు నాయనమ్మ చేతులు కడుక్కుని బయటికి వచ్చింది.

“మనూళ్ళో రాముడి వేషం కట్టే కోటయ్య, నాటకం అయిందాకా కల్లు ముట్టుకోడు గదరా. ఈ తెల్లోడు మాత్రం ఏసయ్య వేషం కట్టి తాగుంటాడా? నువ్వూ అట్టాగే తాగనోడి వేషం కట్టు. మానమని అడగట్లేదు. వేషం కట్టమంటన్నా.”

“ఎన్నాళ్ళే?”

“ఆదివారం దాకా కట్టు. తర్వాత చూద్దాం.”

బాబాయి తలూపి, వాకిట్లో ట్రాక్టరు దగ్గరికి పోయాడు. చాలాసేపటికి పిన్ని సంచిలోంచి ఒక చీర తీసి దండెం మీద వేసింది, మిగతావి సంచిలోనే ఉంచింది. ఆదివారం చర్చి నుంచి వస్తూ నాయనమ్మ మళ్ళీ “వచ్చే ఆదివారం దాకా” అంది. అలా ప్రతి ఆదివారం గడువు పెంచుతూనే ఉంది. బాబాయి ఆ వేషంలో సంతోషంగా ఉన్నాడని నేను రాయలేను. పాడటం మానేశాడు. పొద్దుగూకే వేళ బ్రాందీ షాపు వైపు బండ్లు పోతుంటే, మోకాళ్ళ మధ్య చేతులు బిగించి అరుగు మీద కూర్చునేవాడు. మేం ఆ పక్క ఆడుకునేవాళ్ళం కాదు.

గుంటూరులో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఒక ఇంటర్నెట్ సెంటర్లో ఆ నటుడి గురించి వెతికాను. దొరికిన జీవితం చాలా కొంచెం. ఇంగ్లండు ఉత్తరాన నూలుమిల్లుల ఊళ్ళో పుట్టాడు. తండ్రి మిల్లు కార్మికుడు. కుర్రతనంలో నాటకాలు, తర్వాత ఏసుప్రభువు వేషం. ఆ వేషం తర్వాత చాలాకాలం పని లేదు, ఎందుకంటే ఏ దర్శకుడికైనా ఆ ముఖంలో ప్రభువే కనిపించేవాడట. అందుకే గడ్డం తీసేసి దొరికిన దొంగ వేషాలన్నీ వేశాడు, టీవీలో కొన్నాళ్ళు డాక్టరు, ఆ తర్వాత ఏమీ లేదు. చివర ఒక్క వాక్యం ఉంది: ప్రభువు వేషం వేస్తున్న రోజుల్లో కూడా విపరీతంగా తాగేవాడని, పొద్దున షూటింగులు అతని కోసం ఆగేవని. ఆ వాక్యాన్ని నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు నాయనమ్మ లేదు. గడువు పెంచేవాళ్ళూ లేరు. కళ్ళం ఉన్న చోట కోల్డ్ స్టోరేజీ కట్టారు, మిరపకాయలు ఊరికి కనిపించకుండానే లోపలికి పోతాయి. వ్యాను రావడం ఎప్పుడో మానేసింది. గుడ్ ఫ్రైడే నాడు ఎవరి ఫోన్లో వాళ్ళు, చెవుల్లో తీగలు పెట్టుకుని, విడివిడిగా చూసుకుంటారు. వెనక వైపు నుంచి చూసేవాళ్ళు ఎవరూ లేరు.

పోయినసారి ఊరెళ్ళినప్పుడు బాబాయి, నేను అరుగు మీద కూర్చున్నాం. పొద్దు వాలుతోంది. ఆయన చేతులు అలవాటుగా మోకాళ్ళ మధ్యకు పోయాయి. మాటల్లో ఆ నటుడి సంగతి వస్తే, మిల్లు ఊరు, పని దొరకని ఏళ్ళు, దొంగ వేషాలు అన్నీ వరసగా చెప్పాను.

“అయితే మనలాగే కూలికి పోయాడన్నమాట” అన్నాడు బాబాయి. బ్రాందీ షాపు దారి వైపు చూస్తూ, “ఇప్పటికీ రోజూ గుర్తొస్తదిరా, ఈ టయానికి” అన్నాడు. లోపల పిన్ని పొయ్యి మీంచి అన్నం గిన్నె దించుతున్న చప్పుడు వినిపించింది.

ఆయన నా వైపు తిరిగాడు. “ఏరా, ఆయన ఏసయ్య వేషం కట్టిన రోజుల్లో...”

నేను తల దించుకున్నాను. బాబాయి నా ముఖం చూసినట్టున్నాడు.

“వద్దులే, చెప్పమాక” అని లేచి, అన్నం తినడానికి లోపలికి వెళ్ళాడు.