ఏడు పుస్తకాల్లో లేని మనిషి

ఈ వృత్తాంతం రాసి ఉంచవలసిన అవసరం ఒక అమ్మాయి వల్ల వచ్చింది. ఆమె తండ్రి వ్యాను డ్రైవరు. ఆయన నడిపిన వ్యానులో, ఆయన పక్క సీటులో కూర్చుని నేను ఆరేళ్ళు జిల్లాలు తిరిగాను. తిరిగిన ప్రతి ఊరి గురించీ రాశాను. ఏడు నోటు పుస్తకాలు నిండాయి. ఆ ఏడింటిలోనూ ఆయన లేడు. లేకపోవడం నా చేతి తప్పు కాబట్టి దిద్దుబాటు కూడా నా చేత్తోనే జరగాలి.

మాది శ్రీకాకుళం జిల్లా. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసి సికింద్రాబాదు వచ్చాను. సందు సందుకీ కంప్యూటర్ క్లాసుల బోర్డులు లేస్తున్న రోజులవి. కంప్యూటరు ఉన్నచోట కరెంటు పోతే ఆదుకోవడానికి యూపీఎస్ ఉండాలి, అది బిగించడానికి ఒక మనిషి ఉండాలి. ఏ.ఎస్. రావు నగర్‌లో అలాంటి చిన్న కంపెనీలో చేరాను. సోమవారం పొద్దున్న వ్యానులో బ్యాటరీలు వేసుకుని బయలుదేరితే, బ్యాంకులకీ ఇంటర్నెట్ సెంటర్లకీ బిగించుకుంటూ వెళ్ళి శుక్రవారం సాయంత్రానికి తిరిగి రావడం. నా గది బోయిగూడలో, మేడ మీద. కింద వీధి నిండా మనుషులే. శనివారం, ఆదివారం ఆ మెట్లు దిగి మళ్ళీ ఎక్కేదాకా నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరూ ఉండేవారు కాదు.

అందుకే గ్రంథాలయానికి అలవాటు పడ్డాను. సభ్యత్వానికి సొంత ఇల్లున్న స్థానికుడి హామీ సంతకం కావాలన్నారు. నాకు తెలిసిన స్థానికుడు ఒక్కడే, మా వ్యాను డ్రైవరు. ఆయనకు బొల్లారంలో రెండు గదుల ఇల్లుంది.

"పుస్తకం తెచ్చి ఎగ్గొడ్తే పోలీసులు నా ఇంటికొస్తరా ఏంది?" అని అడిగి, నవ్వుతూ సంతకం పెట్టాడు.

అక్కడ నేను చదవని అలమారా లేదు. కాలేజీ గడప తొక్కకపోయినా శాసనాల సంపుటాలు చదివాను, జిల్లా గెజిటీర్లు చదివాను, పాతకాలపు యాత్రికుల రాతలు తెలుగులో దొరికినవన్నీ చదివాను. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను, ఎందుకంటే నాకు ఎవరూ నేర్పలేదు. ఆ చదువుతోనే యాత్రా రచనకు నా అంతట నేను కొన్ని నియమాలు పెట్టుకున్నాను. ఊరి పేరు, దిక్కు, దూరం, నీటి వసతి, పంటలు, ఏలిన వంశం, కోట ఉంటే దాని కట్టడం. ఇవి రాయాలి. తిన్నది, పడుకున్నది, కబుర్లు రాయకూడదు. నా గొడవ గానీ, వెంట వచ్చినవాడి గొడవ గానీ చరిత్రకు అక్కర్లేదు.

శనివారం గ్రంథాలయంలో రాబోయే వారం ఊళ్ళ గురించి ముందే చదివి సగం రాసుకునేవాణ్ణి. ఊరు చేరాక మిగతా సగం నింపడమే. వ్యాను ఆగగానే ఆయన దిగిపోయేవాడు. నేను ఒళ్ళో నోటు పుస్తకం పెట్టుకుని రాసుకునేవాణ్ణి.

"ఏం రాస్తవ్ తమ్మీ గంత గనం? గా కోట ఏడికన్న పోతదా? మల్లొచ్చినంక సుత ఆడ్నే ఉంటది."

"ఇది తరవాతోళ్ళకి పనికొస్తాదన్నా."

"తరవాతోళ్ళకి పనికొస్తాదట! ఏటీ, ఏటీ అనుకుంట మీ సిక్కోలోళ్ళు బాగనే మాట్లాడ్తరు గని, నన్ను సుత రాస్తున్నవా లేదా?"

"రాస్తన్నానన్నా. నువ్వు లేకుండా ఎలాగ?"

ఆ అబద్ధం ఆయనతో ఎన్నిసార్లు చెప్పానో. ఆయన అడిగిన ప్రతిసారీ చెప్పాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో అన్నం తిని నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. సోమవారం పొద్దున్న నేను వ్యాను దగ్గర నిలబడి ఆయన కోసం ఎదురుచూస్తుంటే ఆఫీసువాళ్ళు చెప్పారు. బొల్లారం వెళ్ళాను. ఆ ఇంటికి అదే మొదటిసారి వెళ్ళడం. ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక గోడ పక్కన నిలబడి వచ్చేశాను.

నెల తర్వాత ఆయన కూతురు నా గది వెతుక్కుంటూ వచ్చింది. డిగ్రీ చివరి ఏడు చదువుతోంది. కుర్చీ ఇస్తే కూర్చోలేదు.

"మా నాయిన వారంల అయిదు దినాలు మీతోనే ఉండె అంకుల్. ఇంటికాడ ఉన్నది తక్వ. నా టెన్త్ క్లాస్ రిజల్ట్ వచ్చిన్నాడు సుత లేడు. నేను మస్తు లొల్లి వెట్టుకున్న. ఏం జేస్తవ్ నువ్వు గా ఊర్లల్ల, మా కన్న ఎక్వనా అని. అప్పుడన్నడు, తమ్ముడు అన్ని రాస్తుండు, నేనేం జేస్తున్ననో అండ్ల ఉంటది, తీరిగ్గ సదువుకో అని. ఆ బుక్కులు జెర ఇస్తరా? సదివి ఇచ్చేస్త."

వారం గడువు అడిగాను. ఒకసారి సరిచూసి ఇస్తానన్నాను.

ఆ వారం సెలవు పెట్టి ఏడు పుస్తకాలూ మొదటి పేజీ నుంచి చదివాను. 'ఉదయము ఆరు గంటలకు బయలుదేరడమైనది.' 'బ్యాటరీలు రెండవ అంతస్తుకు చేర్చబడినవి.' ఒక్కొక్క బ్యాటరీ పట్టుకుంటే నడుము విరిగే బరువు. రెండో వైపు పట్టుకున్నది ఆయన. అది డ్రైవరు పని కాదు. కంపెనీలో మిగతా డ్రైవర్లెవరూ పట్టుకోరు. నా రాతలో అవి వాటంతట అవే మెట్లెక్కి వెళ్ళినట్టున్నాయి. అయిదో పుస్తకంలో ఒక్కచోట 'వ్యాను చక్రము చెడినందున ఒక గంట ఆలస్యము' అని కనబడింది. ఆశగా ఆ గంటను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. చెట్టు నీడ గుర్తొచ్చింది, అప్పుడు చదువుతున్న పుస్తకం అట్ట రంగు గుర్తొచ్చింది. చక్రం మార్చిన మనిషి గుర్తు రాలేదు.

ఇక్కడ నేను రెండో తప్పు చేశాను. మూడో పుస్తకం చివర్లో నాలుగు పేజీలు ఖాళీగా ఉన్నాయి. అదే రంగు సిరాతో, పాత తారీకులు వేసి, ఆయన గురించి రాశాను. చాలా శ్రద్ధగా రాశాను. నేను చదివిన మంచి మాటలన్నీ అందులో పెట్టాను. పచ్చని పొలాల గట్టు మీద కూర్చుని ఆయన నాతో ప్రయాణం గురించి, జీవితం గురించి మాట్లాడినట్టు రాశాను. రాసి చదువుకుంటే నాకే కన్నీళ్ళొచ్చాయి.

ఆదివారం ఆ అమ్మాయి వచ్చింది. ఈసారి కూర్చుంది. పుస్తకాలు తిరగేస్తుంటే నేను ఏమీ ఎరగనట్టు మూడోది అందించాను. చివరి పేజీలు పైకే చదివింది.

"'తమ్ముడూ, జీవితమనేది ఒక సుదీర్ఘ ప్రయాణం. మజిలీలు మారుతాయి, బాటసారి మారడు.'" ఆగింది. మళ్ళీ ఒకసారి అదే వాక్యం చదివి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"అంకుల్, మా నాయిన జీవితం అనే మాట ఎన్నడన్నడు? జిందగీ అంటడు. అది సుత బండి స్టార్ట్ గాకపోతెనే అంటడు. 'ఏం జిందగీరా బై ఇది' అని."

మళ్ళీ పేజీ వైపు చూసింది.

"బాటసారి అంటే ఎవ్వలు? నాకే తెల్వది. మా నాయినకేం తెలుస్తది?" నవ్వు ఆగిపోయింది. పుస్తకం మూసింది. "ఇవి మీరు మొన్న రాసినయి కదా?"

"అవునమ్మా."

"మిగతా దాంట్ల?"

"ఎక్కడా లేడు."

ఏడు పుస్తకాలనూ ఒకదాని మీద ఒకటి పేర్చింది. కోపగించుకుని ఉంటే నాకు తేలికగా ఉండేది.

"అయితే ఇప్పుడు రాయుండ్రి," అంది చివరికి.

"నాకు గుర్తుంటే కదమ్మా."

"మీకు గుర్తు లేకపోతే ఆడ ఉన్నోళ్ళను అడుగుండ్రి. ఊర్లు ఏడ్కి వోలేదు గద."

సెలవు పొడిగించి, మర్నాడు జూబ్లీ బస్టాండులో సిద్దిపేట బస్సెక్కాను. ఆ దారిలో బస్సులో వెళ్ళడం అదే మొదలు. పక్క సీటులో ఎవరో నిద్రపోతున్నారు. సిద్దిపేటకు ఇవతల మేము ఎప్పుడూ ఆగే చాయ్ హోటల్ దగ్గర దిగాను. దాన్ని నడిపే పెద్దామె నన్ను కాసేపు ఎగాదిగా చూసింది.

"బండిల కూసోని రాసుకునే సార్ గద మీరు! కింద నిలవడితే గుర్తువట్టలే."

ఆయన పోయాడని చెప్పాను. ఆమె స్టవ్ ఆపేసి బల్ల మీద కూలబడింది.

"అయ్యో, గదేంది! మొన్న మొన్ననే గద, నా బిడ్డకు సంబంధం సూస్త అన్నడు. ఏం నవ్విస్తుండె! ఎప్పుడొచ్చినా చక్కెర తక్వైందని కొట్లాట. మీ చాయ్ ఆయినెనే తీస్కపోతుండె. పొర్లకుండ పైన పళ్ళెం మూసి."

"నన్ను ఎప్పుడూ పలకరించలేదేం మీరు?"

"మేమెట్ల పలకరిస్తం సార్? 'పెద్ద సదువులు సదివిన సారు, రాసుకుంటుండు, ఎవ్వలు దగ్గరికి వోవద్దు' అని ఆయినెనే జెప్పె. ఒక్కసారి మా పిల్లి మీ బండెక్కితే దాన్ని సుత తిట్టిండు."

ఆరేళ్ళు ఆ సీటులో నాకు దొరికిన నిశ్శబ్దం దానంతట అది వచ్చిందనుకున్నాను.

మెదక్‌లో ఒక బ్యాంకు అటెండరు చెప్పాడు, ఆయన వచ్చిన ప్రతిసారీ సికింద్రాబాదు నుంచి తన మోకాళ్ళకు తైలం సీసా తెచ్చేవాడని. పేకాటలో మాత్రం తొండి ఆడేవాడని, దొరికిపోతే ముక్కలు చెదరగొట్టి లేచిపోయేవాడని కూడా చెప్పాడు. కూతురి పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మెదక్‌లోనే ఉన్నాడట. పేపర్లో నంబరు చూసుకుని, బ్యాంకులో మేనేజరు దగ్గర్నుంచి డబ్బు వేయడానికి వచ్చినవాళ్ళ దాకా అందరికీ లడ్డూలు పంచాడట. అప్పటి నోటు పుస్తకం నా సంచీలోనే ఉంది, ఆ రోజు పేజీ తీసి చూశాను. కోట ద్వారాల సంగతి మూడు పేజీలు. లడ్డూ నాకూ ఇచ్చే ఉంటాడు. తినే ఉంటాను.

కామారెడ్డిలో మేము దిగే లాడ్జి గుమాస్తా పాత రిజిస్టర్లు తీశాడు. గది తీసుకున్న ప్రతిసారీ రాసింది ఆయనే. పెద్ద పెద్ద అక్షరాలు, గీత దాటి కిందికి జారేవి. వెంట వచ్చినవారు అన్న చోట ప్రతిసారీ 'తమ్ముడు' అని ఉంది. నేను వేలు పెట్టి చూస్తూ ఉండిపోయాను.

"రూం ఒక్కటే తీసుకుంటరు గద సార్, అందరు గట్లనే రాస్తరు," అన్నాడు గుమాస్తా.

అయి ఉండవచ్చు.

తిరిగి వచ్చి బోయిగూడ గదిలో ఇరవై రోజులు కూర్చుని ఇది రాశాను. విన్నవి విన్నట్టే పెట్టాను. పేకాట తొండి తీసేయాలని చేయి లాగింది, తీయలేదు. అమ్మాయికి ఇచ్చాను. చదివి, మెదక్ లడ్డూల దగ్గర వేలు పెట్టి, "ఇది నిజమేనా? మల్ల మొన్నటి లెక్క గాదు గద?" అని అడిగింది. అటెండరు ఇంటి దారి చెప్పాను. వచ్చే వారం వాళ్ళ అమ్మను తీసుకుని వెళ్ళి ఆయన్నే అడుగుతానంది. నన్ను రమ్మనలేదు. అడగడం నాకూ తగదనిపించింది.

ఇక సాయం చేసినవారికి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. చాయ్ హోటల్ పెద్దామెకు, మెదక్ అటెండరుకు, కామారెడ్డి గుమాస్తాకు నేను ఋణపడి ఉన్నాను. కాగితం మీద వాళ్ళ పేర్లు రాద్దామని కూర్చున్నాక తెలిసింది, ఆ ముగ్గురిలో ఒక్కరి పేరూ నేను అడగలేదని. ఆయనకు ముగ్గురి పేర్లూ తెలుసు, వాళ్ళ పిల్లల పేర్లూ తెలుసు. ఈ ఒక్క పేజీ ఇంకా పూర్తి కాలేదు. రేపు ఆరు గంటల బస్సుకు వెళుతున్నాను.