గుండిగ కాదు, దోసెల పెనం

“ఇంట్లో ఏడుగురున్నారని పెద్దది కొనడానికి ఇదేమన్నా అన్నం గుండిగా మాస్టారూ? దోసెల పెనమండీ ఇది! ఒకటి తీశాకే ఇంకోటి.”

హుస్సేన్ సాహెబ్ నీళ్ళగదిలో బకెట్టు ముందు గొంతుక్కూర్చుని అన్నాడు. లెక్కల మాస్టారు శ్రీకృష్ణ చేతిలో కేటలాగు దానంతటదే మడతపడింది. కొళాయి తిప్పగానే అప్పటికప్పుడు కాచి ఇచ్చే గ్యాసు గీజరు కోసం రెండు రోజులు కూర్చుని లెక్క కట్టాడతను. మనిషికిన్ని లీటర్లు చొప్పున, నిమిషానికి పది లీటర్లది కావాలని తేలింది.

తల్లి బసవమ్మకు ఉబ్బసం. నీళ్ళు కాచే పొయ్యిలో పత్తికట్టె పొగ ఇంకో చలికాలం పీల్చకూడదన్నాడు డాక్టరు. పోయినేడు తెచ్చిన కరెంటు గీజరు వోల్టేజీ చాలక గోరువెచ్చన కూడా చెయ్యలేదు. మూడోనాటికల్లా ఆవిడ మళ్ళీ పొయ్యి రాజేసింది. ఇదీ అట్లాగే అయితే?

“నాలుగు నిమిషాలు!” బకెట్టు నిండగానే సాహెబ్ గడియారం చూశాడు. “ఇరవై లీటర్ల బకెట్టు. అంటే కొళాయి ఇచ్చేది నిమిషానికి అయిదు. ఈ ధారకి మీ పది లీటర్ల పెట్టె దండగ.”

వినుకొండ చుట్టూ పాతికేళ్ళుగా బోరు మోటార్లు విప్పి బిగించిన మనిషి. బడి మొహం చూడలేదు. నీళ్ళ సంగతి మాత్రం నీళ్ళనే అడుగుతాడు.

“మరి సాయంత్రం అందరూ ఒకరెనక ఒకరు...”

“మిరపకోతల నుంచి వచ్చినోళ్ళు వేణ్ణీళ్ళు పోసుకుంటారా ఎక్కడన్నా? ఒళ్ళు భగ్గుమనదూ!”

శ్రీకృష్ణ నాలిక కరుచుకున్నాడు. కోతలకెళ్ళే నలుగురినీ తన లెక్కలో కలిపేశాడు.

“ఆరు లీటర్లది చాలు,” అన్నాడు సాహెబ్. “ఇక వేడి సంగతి. మా ఆవిడ ఫాతిమా బాలింతలకి నీళ్ళు పోసేది. ఒక్కో ఒంటికి ఒక్కో వేడి అనేది. ధార సన్నగా వదిలితే బాగా కాగుద్ది, జోరుగా వదిలితే వెచ్చన. అమ్మగారి ఒంటికి ఏది పడుద్దో తెలియకుండా గీజరు మీటనెక్కడ ఆపేది?”

పెరట్లో బసవమ్మ దగ్గు వినిపించింది. సాహెబ్ బకెట్టు ఒంపి శ్రీకృష్ణ చేతికిచ్చాడు.

“వెళ్ళండి మాస్టారూ. అమ్మగారి చేత దీంట్లో ఆవిడ పోసుకునే వేడికి వేణ్ణీళ్ళూ చన్నీళ్ళూ తొరిపించుకు రండి. వేడివెన్ని చెంబులు, చన్నీళ్ళెన్ని చెంబులు, లెక్కెట్టండి. మీరు మాత్రం కలపబాకండి.”