మా వాడకు తెచ్చిన ‘ఫోర్త్‌విత్’

ఆ రోజుల్లో ఇంగ్లీషు మాటకు అర్థం తెలియకపోతేనే మర్యాద ఎక్కువ. శ్రీరాంపూర్‌లో ఒక బొగ్గు లారీల కాంట్రాక్టరు దగ్గర గుమాస్తాగా చేరిన కొత్తలో, మా పెద్దసారు ప్రతి ఉత్తరం చివర ‘ఫోర్త్‌విత్’ అని రాయించేవాడు. తక్షణమే అని అర్థం. (ఆయన మాత్రం ఏదీ తక్షణం చేసిన పాపాన పోలేదు.) సెలవుకు ఇంటికొస్తూ ఆ మాటను భద్రంగా పట్టుకొచ్చాను.

వచ్చేసరికి మా వాడలో కరెంటు లేక మరమగ్గాలన్నీ (మా దగ్గర సాంచాలంటారు) ఆగి ఉన్నాయి. లైన్‌మన్‌ దగ్గరికి నన్ను పంపారు. ఛాతీ విరుచుకుని “ఫోర్త్‌విత్” అన్నాను. గబగబా వచ్చి స్తంభమెక్కాడు. (మా వాడలోనే ఉండే వాళ్ల అత్తగారు ఆ పూట కోడిని కోసిందని తర్వాత తెలిసింది.) ఇక నా నోటికి గిరాకీ మొదలైంది. రేషన్ డీలరు ముందు, అలిగిన అల్లుడి ముందు, పాలివ్వని బర్రె ముందు నన్ను నిలబెట్టి ఆ మాట అనిపించారు. బర్రె మాత్రం తన్నింది.

నా అసలు బాధ ఎవరికీ పట్టలేదు. చొప్పదండిలో ఒక పిల్లను చూసొచ్చినప్పటి నుంచి నాకు తిండి సహించడం లేదు. వాళ్ల నుంచి ఔననీ కబురు లేదు, కాదనీ లేదు. వేరే సంబంధం చూస్తున్నారని వినేసరికి ప్రాణం పోయినంత పనైంది. చివరికి మా బాపే (నాన్నే) కదిలాడు. “ఊరందరికి చెప్పవడితివి. గా మాట జర వాళ్లకు సుత చెప్పరాదుర.”

ఇద్దరం బస్సెక్కాం. వాళ్లు చాయ్ ఇచ్చి వానల గురించి మాట్లాడారే తప్ప పెండ్లి ఊసెత్తలేదు. బాపు మోచేత్తో పొడిచాడు. లేచి నిలబడి, పెద్దసారు గొంతు తెచ్చుకుని “ఫోర్త్‌విత్” అన్నాను. పిల్ల తండ్రి నాకేదో జబ్బుందన్నట్టు బాపు వైపు చూశాడు. బాపు గర్వంగా తలూపాడు.

“గట్లంటె ఏంది?” అంది తలుపు చాటు నుంచి ఆ పిల్ల. అంతమంది వాడుకున్నారు గానీ అర్థం అడిగినవాళ్లు లేరు.

“జల్ది చేసుకుందామని. నాకు అన్నం పోతలేదు” అన్నాను.

“మరి కబురు పంపద్దా? మొగపిల్లగానోల్లే గద ముందుగాల చెప్పాలె. నేను మీకు నచ్చలేదనుకున్నం.”

నేను బాపు వైపు తిరిగాను. ఆయన ఖాళీ చాయ్ కప్పులోకి దీక్షగా చూస్తున్నాడు.

ఆ ఎండాకాలంలోనే మా పెండ్లయింది. చాయ్ కప్పుల మధ్య ఛాతీ విరుచుకుని నిలబడ్డ ఆ పిల్లగాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. నచ్చావని ఒక్క ముక్క చెప్పడానికి, పాపం, వాడు బర్రెతో కూడా తన్నించుకున్నాడు.