తెల్లగీత మీద రాగికంకులు

ముందే ఒప్పుకుంటున్నాను, నా నోట్లోంచి పిల్లి కూడా పులై బయటికొస్తుంది.

హిందూపురంలో బస్సెక్కితే, రెండు సీట్లకు సరిపడే మీసమున్నాయన పక్కన కూర్చున్నాడు.

"మావోడు కొత్త కారులో బెంగళూరు నుంచి ధర్మవరం వస్తాండాడప్పా. దానంతటదే పోతాదని ప్రకటనలో చూపించినారు. నిజమేనా?"

"నేనైతే అట్లాంటి కారులో గురక పెట్టుకుంటా వచ్చినా," అన్నాను. నాకు స్కూటరు కూడా లేదు.

ఆయన వెంటనే కొడుక్కి ఫోన్ చేశాడు. "నిద్రొస్తే కునుకు తియ్యి నాయనా, ఏం కాదంట."

పెనుకొండ దగ్గర రోడ్డు మీద రాగికంకులు ఆరబోశారు. కొడుకు కారు రావాల్సిందీ ఆ దారినే. దానంతటదే పోయే కారు చూసుకుంటూ నడవాల్సిన తెల్లగీత వాటి కింద కనపడలేదు.

"అబద్ధం చెప్పినా, నిద్రపోవద్దని చెప్పప్పా!" అని బస్సు అదిరేలా అరిచాను.

మీసం నిజమే. ఆ అరుపే కల్పించాను. ఆయనకు నిజం చెప్పకుండానే పెనుకొండలో దిగిపోయాను.