మలుపులో ఇంజన్ చప్పుడు

మొన్న పొద్దున చెత్తడబ్బాను రోడ్డు పక్కకు లాక్కెళ్తుంటే పక్కింటి కుర్రాడి కొత్త ఎలక్ట్రిక్ కారు పిల్లిలా వచ్చి నా వెనకే ఆగింది. పాపం అద్దం దించి, “సారీ ఆంటీ, భయపడ్డారా?” అన్నాడు. భయం కాదు గాని, మనిషి ఇంటికి వచ్చిన సంగతి వీధికి తెలియకపోతే అదేం రాక అని నాలో నేనే గొణుక్కుంటూ లోపలికి వచ్చాను. బయల్దేరాననీ, దారిలో ఉన్నాననీ ఫోనులో కబుర్లు అందని రోజుల్లో ఈ పరాయి దేశంలో కాపురం పెట్టిన మనమంతా చెవులతోనే కదా ఎదురుచూసింది.

మా వారు పిస్కాటవే ఊళ్ళో ఒక మందుల కంపెనీలో కెమిస్టుగా చేసేవారు. మనవాళ్ళందరూ పెట్రోలు తక్కువ తాగే బుద్ధిమంతులైన చిన్న కార్లు కొనుక్కుంటూ ఉంటే, చొక్కా కొనడానికి కూడా నాలుగు షాపులు తిరిగే ఈ మనిషి ముదురు ఎరుపు రంగులో, రెండే తలుపులతో, ఎనిమిది సిలిండర్ల ఇంజనుతో ఉన్న ఒక పాత కారును ఇంటికి తోలుకొచ్చారు. చీర కట్టుకుని దాని వెనక సీటులోకి ఎక్కడమంటే సర్కస్ చేయడమే. స్నేహితులు ఆ రథానికి గుర్రాలు ఎన్నని ఏడిపిస్తే నవ్వి ఊరుకునేవారు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, బానెట్ ఎత్తించి ఇంజనుకు పసుపూ కుంకుమా పెట్టింది మాత్రం నేనే.

ఆ ఇంజన్ చప్పుడు మా వీధిలో మరే కారుకూ ఉండేది కాదు. గుర్రుగుర్రుమంటూ వచ్చి, మలుపు దగ్గర నెమ్మదించినప్పుడు ఒక్క క్షణం తడబడి మళ్ళీ అందుకునేది. ఆయనకు చారులో పోపు అప్పటికప్పుడు పడాలి, ముందే పెట్టి ఉంచితే మొహం మీదే చెప్పకపోయినా రెండోసారి వడ్డించుకునేవారు కాదు. అందుకని చారు కాచి దించి, గరిటెలో నెయ్యీ ఆవాలూ సిద్ధం చేసుకుని, ఆ తడబాటు వినపడగానే స్టవ్ వెలిగించేదాన్ని. ఆయన గరాజ్ తలుపు తీసుకుని వంటింట్లోకి అడుగు పెట్టేసరికి ఆవాలు చిటపటలాడుతూ ఉండేవి. ఐసెలిన్‌లో మన సరుకుల కొట్లు ఇన్ని లేని, కరివేపాకు దొరకడమే పండగైన ఆ రోజుల నుంచి ఆయన చివరి సంవత్సరం దాకా ఇదే వరస. మాకు ప్రేమ మాటలు చెప్పుకోవడం చేతకాలేదు, ఈ పోపే చేతనయింది.

ఆయన పోయాక కారు గరాజ్‌లోనే ఉండిపోయింది. మా ఒక్కగానొక్క అమ్మాయికి చిన్నప్పటి నుంచి దాని మీద ప్రాణం. తానే నడుపుకుంటానని కిందటేడు మెకానిక్ షాపుకి పంపిస్తే, ఇంజన్ బ్లాకు పగిలి ఉందనీ, అది అతుకు వేసినా నిలవదనీ, కొత్త ఇంజన్ పెట్టక తప్పదనీ తేల్చారు. ఇక మొదలైంది వెతుకులాట. పెద్ద ఇంజన్ పెడితే దాని జోరుకు తగ్గట్టు గేర్‌బాక్సూ, బ్రేకులూ, రేడియేటరూ అన్నీ మార్చాలట. ఇంట్లో పెళ్ళి కుదిరితే ఒక్క గదితో మొదలైన సున్నం ఇల్లంతా పాకినట్టుంది అన్నాను. అమ్మాయి ఫక్కున నవ్వింది గాని, ఆ పెద్ద ఇంజన్ గురించి చెబుతున్నప్పుడు దాని కళ్ళలో మెరుపు వాళ్ళ నాన్నదే.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి పాత ఇంజన్ లాంటిదే, కార్బ్యురేటర్‌తో సహా అదే పద్ధతిలో మళ్ళీ కట్టినది. రెండోది కొత్త తరానిది, దానికి రెట్టింపు బలమున్నది. షాపులో వాటిని ఇనుప స్టాండుకు బిగించి నడిపి వినిపిస్తారంటే అమ్మాయి నన్నూ తీసుకెళ్ళింది. మొదటిది అంటుకుంది. గుర్రుమంది, తడబడింది, అందుకుంది. నాకు తెలియకుండానే తల తలుపు వైపు తిరిగింది. అక్కడ ఎవరూ లేరు.

అమ్మాయి అంతా చూస్తూనే ఉంది. నా చేయి పట్టుకుని, “నాన్న కార్ లాగే ఉంది అమ్మా. ఇదే తీసుకుందాం, నాకు ఆ పెద్దది అక్కర్లేదు,” అంది. ఆ చప్పుడే కావాలని నాకూ ఎంతగానో అనిపించింది. కాని ప్రతి శుక్రవారం అమ్మాయి మా ఇంటికి ఆ కారులో వస్తుంది. మలుపులో ఆ చప్పుడు విని నేను ఆయన కోసం చూస్తాను, కారు దిగేది అమ్మాయి. దిగింది తనైనందుకు ఒక్క క్షణమైనా నా మొహం వాడిపోతుంది. కన్నబిడ్డ అది చూడకూడదు.

“నీకు నచ్చింది ఆ రెండోది కదా, అదే పెట్టించు,” అన్నాను.

“ఆర్ యూ ష్యూర్, అమ్మా?”

“నడిపేదానివి నువ్వు,” అన్నాను. కారణం మాత్రం ఇప్పటికీ దానికి చెప్పలేదు.

కొత్త ఇంజన్ తడబడదు, ఒకే ధారగా ఉరుముతూ వస్తుంది. మొదట్లో ఆ చప్పుడు వినపడినా ఎవరో అనుకునేదాన్ని, అమ్మాయి లోపలికి వచ్చాక గాని లేచేదాన్ని కాదు. నెలలు గడిచేకొద్దీ చెవికి పట్టింది. పోయిన శుక్రవారం మలుపులో ఆ ఉరుము వినపడగానే చేయి దానంతట అదే స్టవ్ మీదికి వెళ్ళింది. అమ్మాయి తలుపు తీసేసరికి ఆవాలు చిటపటలాడుతున్నాయి. అది గుమ్మంలోనే ఆగిపోయి, వాసన పీల్చి, వచ్చి నా భుజం మీద తల ఆనించింది.

నేను కోరుకున్నదే జరిగింది. అమ్మాయి వెళ్ళిపోయాక గిన్నెలు సర్దుతూ, ఆ పాత చప్పుడు ఒకసారి గుర్తు తెచ్చుకుందామని కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపు నిలబడ్డా కొత్తదే వినపడింది.