పన్నెండున్నరకు పోయి మూడున్నరకు వచ్చానట!

ఆ రోజుల్లో కంప్యూటర్ చెప్పిందంటే ఇక తిరుగుండేది కాదు. మనిషి ఎదురుగా నిలబడి మొత్తుకున్నా నమ్మని వాళ్లు, ప్రింటు తీసిన కాగితం చూపిస్తే చాలు, బుద్ధిగా తలాడించేవాళ్లు. అలాంటి కాగితం ఒకటి నా పరువును ధర్మవరం నుంచి పెనుకొండ దాకా ఈడ్చుకొచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి.

డిగ్రీ అయిన కొత్తలో ధర్మవరంలో ఒక పట్టుచీరల హోల్‌సేల్ కొట్టులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. పెనుకొండ నుంచి రోజూ పాసింజరులో పోయి రావడం. కంప్యూటర్‌కు దుమ్ము తగలకూడదని దాన్ని మేడ మీద గదిలో పెట్టి నన్నూ అక్కడే కూర్చోబెట్టారు. (నాకు దుమ్ము తగిలినా ఎవరికీ బాధ లేదు.) మెట్లు వెనకవైపు కాబట్టి కింద కూర్చునే మేనేజరుకు నా రాకపోకలు కనబడవు. చీటికీమాటికీ చేతి గడియారం చూసుకునే ఆయనకు మేం పెట్టుకున్న పేరు వాచీ సార్. చీరల లెక్కల ప్రోగ్రాం రాసిచ్చింది హిందూపురంలో ఉండే ఒక అన్న. ఆ ప్రోగ్రాం ఎప్పుడు తెరిచామో, ఎప్పుడు మూశామో దానంతటదే ఒక ఫైల్లో రాసుకునేది. దాన్ని లాగ్ అంటారని తెలుసు గానీ, ఏనాడూ తెరిచి చూసిన పాపాన పోలేదు.

వాచీ సార్ చూశాడు. చూసి నన్ను అడగలేదు. మా వీధి మనిషి ఒకాయన చీరలకని కొట్టుకొస్తే, ఆయనతో మా ఇంటికి కబురు పంపాడు. నేను సాయంత్రం ఇల్లు చేరేసరికి నాయన సైకిళ్ల కొట్టు మూసేసి గడపలో కూర్చుని ఉన్నాడు.

"పగలంతా యాడికి పోతాండావమ్మా?" అన్నాడు.

"యాడికేంది? ఆఫీసుకు."

"ఆఫీసులో ఉండడం లేదంట కదా. కంప్యూటరే చెప్పిందంట."

లోపల అవ్వ ఏడుపు మొదలుపెట్టింది. నాకైతే ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఆ సార్ మీద సరే, అంతకంటే ఎక్కువగా నాయన మీద. ఆ మాట నమ్మి నన్ను అడిగాడే అని! "రేపు నువ్వే వచ్చి చూడు" అని ఒక్క మాట అని, అన్నం తినకుండా పడుకున్నాను. (ఆకలికి నిద్ర పట్టలేదు. కోపంలో ఇదొక తెలివితక్కువతనం.)

మర్నాడు నాయన నాతోపాటు రైలెక్కాడు. దారి పొడవునా ఇద్దరం చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాం. పదకొండుకు కొట్టు షావుకారు వచ్చాక, ఆయన ముందే వాచీ సార్ లాగ్ ప్రింటు తీసిన కాగితం పరిచాడు.

"చూడండి సార్. మూడున్నరకు ప్రోగ్రాం తెరుస్తాంది. పన్నెండున్నరకు మూసేసి పోతాంది. దినామూ ఇదే కథ!"

"మూడున్నరకు వచ్చి పన్నెండున్నరకు ఎట్ల పోతాను సార్? పోయినాక వస్తానా?" అని అరిచాను.

"నేను అడిగేదీ అదే కదా పాపా! నడుమ మూడు గంటలు యాడికి పోతాండావని!" అన్నాడు ఆయన, దొంగను పట్టుకున్నవాడిలా.

ఆ మాటతో నాలో మిగిలిన మర్యాద కూడా పోయింది. "లేయండి. పైకి రండి. మీరే కూర్చొని ప్రోగ్రాం తెరవండి. ఏం రాస్తాదో చూద్దాం" అన్నాను. ఏం రాస్తుందో నాకూ తెలియదు. కోపంలో అనేశానంతే. అందరం మేడెక్కాం. సార్ ఒక్కో వేలితో వెతుక్కుంటూ ప్రోగ్రాం తెరిచాడు. లాగ్ చూస్తే, ఆయన తెరిచింది ఐదున్నరకని ఉంది, పొద్దునో సాయంత్రమో లేకుండా.

"సాయంత్రం ఇంకా కాలేదే!" అని గొణిగి, వాచీ చూసుకుని, దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. షావుకారుకు నవ్వాగలేదు. "ఏమప్పా, పొద్దున ఐదున్నరకే వచ్చినావా? మంచి పనిమంతుడివే!" అన్నాడు.

హిందూపురానికి ఫోన్ చేశాం. "అది ఇంగ్లండు టైమమ్మా" అన్నాడు ఆ అన్న తాపీగా. "దానికి ఐదున్నర గంటలు కలుపుకుంటే మన టైము. మూడున్నరంటే మనకు పొద్దున తొమ్మిది, పన్నెండున్నరంటే సాయంత్రం ఆరు. సెట్టింగుల ఫైల్లో ఒక లైను మార్చితే సరిపోతాది."

"మరి ముందే ఎందుకు మార్చలేదన్నా?"

"ఎవరూ అడగల్యా కదమ్మా!"

ఒక్క లైను! ఆయన బద్ధకంగా వదిలేసిన ఒక్క లైనుకు మా అవ్వ ఏడ్చింది. ఫోనులోనే ఆయన్ను దులిపేసి, ఆయన చెబుతుంటే ఆ లైను నేనే మార్చాను. ఇకపై ఎవరూ పగలూ రాత్రీ తికమక పడకుండా ఇరవైనాలుగు గంటల లెక్క పెట్టించాను. పక్కనే అది ఇండియా టైమని కూడా రాయించాను.

వాచీ సార్ మాత్రం "కంప్యూటర్ తప్పు పాపా, నాదేముండాది" అన్నాడు. అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడిన నాయన ముందుకొచ్చాడు. "మాట పంపించింది కంప్యూటర్ కాదు కదా సార్. ఎవరితో పంపించినారో ఆయప్పతోనే మల్లా పంపించండి, తప్పయిపోయిందని. మా వీధిలో అందరూ వినాల." షావుకారు కళ్లు ఉరిమి చూడటంతో ఆ కబురు ఆ వారంలోనే వచ్చింది. నాయన తన కొట్టు ముందు అది రెండుసార్లు చెప్పించుకున్నాడట.

ఇప్పుడు ఆఫీసులో నేనే కొందరికి పెద్దను. నా మీద ఎవరైనా తప్పు మోపితే "దయచేసి మరొకసారి పరిశీలించగలరు" అని మెయిల్ రాసి, టీ తాగొస్తాను. ఒళ్లు మండడం మానేసి చాలా ఏళ్లయింది. ఒక్కోసారి మెయిల్ పంపేశాక అనిపిస్తుంది, షావుకారు ముందు మేనేజరును కుర్చీలోంచి లేపిన ఆ పిల్ల నన్ను చూస్తే ఏమంటుందా అని. ముందు ఆ 'దయచేసి' తీసేయమంటుంది.